ఎదురు కుట్టు

పని నుంచి ఇంటికి రాగానే ఆమె చెప్పులు గుమ్మం పక్కన విడిచేది. సంచి మేకుకి తగిలించేది. ఆ తర్వాత వాష్‌బేసిన్ ముందు నిలబడి, నోరు తెరిచి, రెండు వేళ్ళతో గొంతులోంచి ఊలు పోగు పట్టుకుని మెల్లగా బయటికి లాగేది. ఆ రోజు ఎన్ని మాటలు మింగితే అంత పోగు. మామూలు రోజుల్లో పది బారలు వచ్చేది, లాండ్రీలో సూపర్‌వైజరు చిరాగ్గా ఉన్న రోజున ముప్ఫై దాటేది. లాండ్రీలో మింగినవి ఇటుక రంగులో వచ్చేవి, ఇంట్లో మింగినవి బూడిద రంగులో.

"మెల్లగా లాగవే, తెగిందంటే రెండ్రోజులు గొంతు గరగరలాడుతుంది," అని అత్తగారు వంటింట్లోంచి కేకేసేది. పళ్ళు తోముకోవడం ఎలాగో ఇదీ అలాగే. దాని గురించి ఇంతకంటే మాట్లాడుకోవడానికేం లేదు.

మొగుడికి ఊలు వచ్చేది కాదు. ఆయనకి మింగే అలవాటు లేదు. కూరలో ఉప్పెక్కువైందన్న సంగతి మొదటి ముద్ద నోట్లో ఉండగానే చెప్పేసే మనిషి. అత్తగారికి ఒకప్పుడు తట్టలకొద్దీ వచ్చేదట, ఇంట్లో ఉన్న నాలుగు దిళ్ళూ ఆవిడ కాపురం చేసిన కాలంలో కూరినవే. అరవై దాటాక ఒక్క పోగు రాలేదు. "మింగడం మానేశాను, ఊలు ఆగిపోయింది," అనేది, చిన్న రోగమేదో నయమైనట్టు.

ఆమె పనిచేసేది ఒక పెద్ద హోటల్ నేలమాళిగలోని లాండ్రీలో. అక్కడ గది పొడవునా ఒక ఇస్త్రీ యంత్రం. రెండు వేడి రోలర్ల మధ్యకి తడి దుప్పటిని అందిస్తే అవతల ఎండు దుప్పటి వస్తుంది. వినడానికి ఇంతే. రెండు కొసలూ ఒకే క్షణంలో అందకపోతే మాత్రం దుప్పటి మధ్యలో మడత పడి, ఆ మడత కాలి పసుపు గీతగా మిగిలిపోతుంది. డబుల్ కాట్ దుప్పటిని ఒక్క ముడత లేకుండా అందించగలిగింది లాండ్రీ మొత్తానికి ఆమె ఒక్కతే. తొమ్మిదేళ్ళుగా ఆమె ఊళ్ళోవాళ్ళందరి సెలవుల్నీ ఇస్త్రీ చేస్తోంది. తను మాత్రం ఒక్కరోజు సెలవు తీసుకున్న పాపాన పోలేదు.

అడగలేదని కాదు. ఏటా చలికాలం రాగానే కాగితం రాసిచ్చేది. సూపర్‌వైజరు సంతకం కూడా పెట్టేవాడు. తీరా వెళ్ళే ముందురోజు వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడేవాడు. "చూడమ్మా, హోటల్ నిండిపోయింది. నువ్వు కాబట్టి అడుగుతున్నాను," అనేవాడు.

"సరేనండి," అనేది ఆమె.

అందుకే లాండ్రీలో ఆమె పేరు 'సరేనండి' అయిపోయింది. సరేనండి వచ్చిందా, సరేనండి తిన్నదా అనేవాళ్ళు. పిలిచేవాళ్ళకి నవ్వు, పలికే ఆమెకి సాయంత్రానికి రెండు బారల ఊలు.

ఈ ఏడాది ఒక దిండు గలీబులో ఎవరో మర్చిపోయిన ఫొటో దొరికింది. మంచు కొండ. కొండ ముందు ఒక ఆడమనిషి ఒంటరిగా నిలబడి ఉంది. తల మీద నిలువు చారల పొడుగాటి టోపీ, దాని కొస వెనక్కి వేలాడుతోంది. మొహంలో ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేని నిశ్చింత. ఆమె ఆ ఫొటో ఇంటికి తెచ్చి అత్తగారికి చూపించింది.

"నాకిది కావాలి అత్తయ్యా."

"టోపీయా, కొండా?"

ఆమె ఫొటోలో ముందు టోపీని, తర్వాత కొండని వేలితో తాకింది. "రెండూ," అంది.

అత్తగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి కోడల్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. లేచి వెళ్ళి బీరువా అడుగు నుంచి రెండు అల్లిక సూదులు తీసుకొచ్చింది. "కొండ సంగతి నువ్వు చూసుకో. టోపీ సంగతి నేను చూస్తాను. ఇకనుంచి వచ్చిన ఊలు చెత్తబుట్టలో పారేయకు, ఉండ చుట్టు."

"కొత్త ఊలు కొంటే పోదా?"

"కొన్నది దీంతో ముడిపడదే. ఎంత బిగించినా జారిపోతుంది. ఇంట్లో పుట్టింది ఇంట్లోనే ఉండాలని దానికి పంతం."

అలా ముందుగది కిటికీ దగ్గర పాఠం మొదలైంది. తొంభై ఆరు కుట్లు సూది మీదికి ఎక్కించారు.

"సూటి కుట్టంటే పోగు వెనకుంటుంది. ఎదురు కుట్టంటే పోగు ముందుకొస్తుంది. రెండు సూటి, రెండు ఎదురు. మళ్ళీ రెండు సూటి, రెండు ఎదురు. వరస అయిపోయాక తిప్పి పట్టుకుని, ఏ కుట్టు మొహం ఎలా కనిపిస్తే అదే వెయ్యి. నున్నగా ఉంటే సూటి, బొడిపెగా ఉంటే ఎదురు. చివరికి ఒక కొస గుంజి ముడేసి, పక్క కలిపి కుట్టేస్తే టోపీ. పలక పట్టిన పిల్లకైనా వస్తుంది."

"అన్నీ సూటిగా వేసేస్తే సరిపోదా అత్తయ్యా? ఈ ఎదురు నాకు చేతకావడం లేదు."

"వేసుకో. అంచు చాపలా చుట్టుకుపోతుంది, టోపీ సాయంత్రానికల్లా సాగి కళ్ళ మీద పడుతుంది. పక్కన ఎదురు ఉంటేనే సూటికి బిగువు. లాగితే సాగాలి, వదిలితే తన కొలతకి తను రావాలి. నువ్వు సాగడం ఒక్కటే నేర్చుకున్నావు, రావడం నేర్చుకోలేదు."

నాలుగు వరసలయ్యాక లెక్కపెడితే తొంభై ఆరు కుట్లు నూట తొమ్మిదయ్యాయి. అత్తగారు అల్లిక వెలుతురుకెత్తి పట్టింది. మధ్యమధ్య చిల్లులు.

"ఈ దొంగ కుట్లన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయే?"

"మీరు చెప్పినట్టే వేశాను."

"మళ్ళీ వెయ్యి, నే చూస్తాను."

ఆమె రెండు సూటి కుట్లు చక్కగా వేసింది. ఎదురు కుట్టు దగ్గరికొచ్చేసరికి సూదిని ముందుకి తిప్పిందిగానీ, పోగుని మాత్రం వెనకే ఉంచేసింది. అది సూది మీదుగా ఎక్కి, లేని కుట్టొకటి పుట్టించింది.

అత్తగారు చేతిమీద ఒకటేసింది. "అదీ సంగతి! పోగు వెనకాల దాచుకుని ఎదురెలా వేస్తావే పిచ్చిమొహమా? ముందు పోగు ముందుకి తెచ్చుకో. అందరూ చూసేట్టు, నీ కళ్ళెదుటికి. అప్పుడు వెయ్యి. విప్పు, మొత్తం విప్పు."

అయిదుసార్లు విప్పింది. ఆరోసారి మళ్ళీ పోగు వెనకే ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే మొగుడొచ్చి చొక్కా ఆమె ఒళ్ళో పడేశాడు. "దీనికి గుండీ ఊడింది, పొద్దుటికి కావాలి."

ఆమె పోగు ముందుకి తెచ్చుకుంది. "సూదీ దారం డబ్బాలో ఉన్నాయి, గుండీ మీ జేబులో ఉంది. కుట్టుకోండి," అంది, తల ఎత్తకుండానే.

ఈసారి ఎదురు కుట్టు ముత్యంలా పడింది. ఆయన చొక్కా తీసుకుని, ఆవలిస్తున్నట్టు నటిస్తూ వెళ్ళిపోయాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఊగిపోతూ నవ్వింది, కన్నకొడుకని కూడా చూడకుండా.

అక్కణ్ణుంచి టోపీ పొడుగవుతూ వచ్చింది. మధ్యాహ్నం పూట లాండ్రీలో, ఆవిరి గది పక్కన బోర్లించిన బుట్ట మీద కూర్చుని అల్లేది. ఇటుక రంగూ బూడిద రంగూ మారి మారి వచ్చి, టోపీకి అడిగి వేయించినట్టు చారలు పడ్డాయి. అయితే ఒక చిక్కొచ్చింది. కుట్టు కుదురుతున్నకొద్దీ మాటలు కూడా బయటికి రావడం మొదలెట్టాయి. ఇంట్లో కాలింగ్ బెల్లు మోగితే మొగుడితో "మీరే దగ్గరున్నారుగా" అంటోంది. లాండ్రీలో ఎవరైనా తమ వంతు దుప్పట్ల బండి ఆమె వైపు తోస్తే దాన్ని కాలితో వెనక్కి తోస్తోంది. సాయంత్రం వాష్‌బేసిన్ దగ్గర పోగు అయిదు బారలకి వచ్చింది, మూడుకి వచ్చింది, జానెడుకి వచ్చింది. బూడిద రంగు పూర్తిగా ఆగిపోయింది.

ఈలోగా ఎప్పట్లాగే సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకుంది, ఈసారి కొండకి బస్సు టికెట్టు కూడా కొనేసింది. రేపు ప్రయాణమనగా ఆ పొద్దుటికి టోపీ మూరెడు పొడుగుంది. కుట్లన్నీ ఇంకా సూది మీదే ఉన్నాయి. కొస గుంజి ముడెయ్యడానికీ పక్క కలిపి కుట్టడానికీ ఒక్క బారెడు పోగు తక్కువైంది. రెండ్రోజులుగా ఆమె గొంతులోంచి నూలుపోగంత కూడా రాలేదు.

"నాలుగు మాటలు మింగెయ్యరాదూ, టోపీ అయిపోతుంది," అన్నాడు మొగుడు, పెద్ద సలహా ఇచ్చినట్టు.

"నువ్వు మింగరా," అంది అత్తగారు. "ఒక్కటంటే ఒక్కటి. నీ భార్య టోపీకి."

"నేనెందుకు మింగాలి?" అని అనేశాడాయన. పోగు రాలేదు.

ఆ రోజు లాండ్రీలో బళ్ళు గోడ వరకూ బారులు తీరి ఉన్నాయి. నలభై బళ్ళ తడి దుప్పట్లు. మధ్యాహ్నం దాటాక సూపర్‌వైజరు వచ్చి తలుపుకి ఆనుకున్నాడు. ఆనుకోవడం చూడగానే యంత్రం దగ్గరున్నవాళ్ళందరికీ అర్థమైపోయింది.

"చూడమ్మా," అన్నాడు. "హోటల్ నిండిపోయింది. నువ్వు కాబట్టి అడుగుతున్నాను."

సరేనండి అన్న మాట తొమ్మిదేళ్ళ అలవాటు మీద నాలుక కొస దాకా వచ్చి కూర్చుంది. దాని వెనక అసలు మాట ఉంది. దాన్ని మింగితే చాలు. ఆమెకి తెలుస్తూనే ఉంది, అది ఎంత పోగవుతుందో. బారెడేం ఖర్మ, పది బారలు. సాయంత్రానికల్లా టోపీ పూర్తవుతుంది. పూర్తయిన టోపీని మడిచి బీరువాలో పెట్టుకుని, రేపు పొద్దున్నే వచ్చి దుప్పట్లు అందించవచ్చు. దాన్ని పెట్టుకుని వెళ్ళడానికి కొండ ఉండదు, అంతే.

పోగు ముందుకి తెచ్చుకో, అనుకుంది.

"కుదరదండి," అంది.

యంత్రం అవతల దుప్పట్లు మడతపెట్టే ఇద్దరూ మడత మధ్యలోనే ఆగిపోయారు.

"ఏంటీ?"

"కుదరదన్నాను. సెలవు కాగితం మీద మీ సంతకం ఉంది. బస్సు టికెట్టు మీద నా సీటు ఉంది. నాలుగు రోజులు. అయిదో రోజు పొద్దున్న ఇక్కడుంటాను."

సూపర్‌వైజరు మొహం రోలర్లోంచి వచ్చినట్టు ఎర్రబడింది. "ఓహో, ఎదురు చెప్పడం నేర్చావన్నమాట!"

"నేర్చానండి. నెల పట్టింది. అయిదుసార్లు విప్పాను కూడా."

"వెళ్తే వెళ్ళు! వెళ్ళాక మళ్ళీ..." అని ఆయన వేలెత్తాడు.

ఆ వేలు అలాగే ఉండిపోయింది. ఆయన కళ్ళు నలభై బళ్ళ మీదికి పోయాయి. అక్కణ్ణుంచి యంత్రం మీదికి, అక్కణ్ణుంచి ఆమె చేతుల మీదికి. ఈ మనిషి మళ్ళీ రాకపోతే హోటల్లో ప్రతి పరుపు మీదా పసుపు గీతే. 'రావద్దు' అన్న మాట ఆయన పళ్ళ దాకా వచ్చింది. ఆయన నోరు మూశాడు. గొంతు ముడి కిందికి దిగి పైకి లేచింది.

పుట్టి బుద్ధెరిగాక ఆయన మింగిన మొదటి మాట అది. అలవాటు లేని గొంతు కదా, సాయంత్రం దాకా దాచలేకపోయింది. అప్పటికప్పుడు దగ్గు పట్టుకుంది. దగ్గీ దగ్గీ, పెదాల మధ్య ఆవాల రంగు కొస ఒకటి కనిపించింది.

"ఆగండాగండి, గట్టిగా లాగకండి, తెగుతుంది," అంటూ ఆమె దగ్గరికెళ్ళింది. రెండు వేళ్ళతో పట్టుకుని, అలవాటైన చేత్తో మెల్లగా లాగింది. సరిగ్గా బారెడు వచ్చింది. ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుని తలుపు దగ్గరి బుట్ట మీద కూలబడ్డాడు. మడతపెట్టేవాళ్ళలో ఒకావిడ గ్లాసుడు వేడినీళ్ళు తెచ్చిచ్చింది. ఇదంతా ఉన్నదే కదా అన్నట్టు మళ్ళీ మడతలో పడింది.

ఆమె సంచిలోంచి టోపీ తీసి ఆ కొస ముడేసి చూసింది. ముడి నిలిచింది. లాండ్రీలో పుట్టింది, పరాయిది కాదు. ఆవిరి గది పక్కనే కూర్చుని, తొంభై ఆరు కుట్లలోంచీ ఆవాల రంగు పోగు దూర్చి, గుంజి, గట్టిగా రెండు ముళ్ళేసింది. మిగిలిన దాంతో పక్క కలిపి కుట్టింది. ఆ తర్వాత తన వంతు బళ్ళన్నీ ఒక్క ముడత లేకుండా అందించి మరీ ఇంటికెళ్ళింది.

అత్తగారు టోపీ కొస వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఎవరిదే ఈ పోగు?"

"మా సూపర్‌వైజరుది."

"అందుకే ఇంత గరుకు. మొదటిసారి కదా పాపం. మింగగా మింగగా మెత్తబడుతుందిలే."

మర్నాడు ఆమె ఒక్కతే బస్సెక్కింది. కొండ మీద మంచు ఫొటోలో కంటే మురిగ్గా ఉంది, చలి ఫొటోలో లేనంత ఉంది. ఆమె టోపీ చెవుల మీదికి లాక్కుంది. అది లాగినంత సాగింది, వదలగానే తన కొలతకి తను వచ్చి తలని పట్టుకుంది. ఆమె నడవగలిగినంత దూరం నడిచింది.

సాయంత్రం లాడ్జి గదికి రాగానే అలవాటు కొద్దీ వాష్‌బేసిన్ ముందు నిలబడి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అద్దంలో నోరు తెరుచుకున్న టోపీ మనిషిని చూసుకుని ఆమెకే నవ్వొచ్చింది. అప్పుడు ఫోన్ మోగింది.

"నేనేనమ్మా," అంది సూపర్‌వైజరు గొంతు. కాస్త బొంగురుపోయి ఉంది. "అది... రేపటికేమైనా..."

"చెప్పండి."

అవతల గుటక మింగిన చప్పుడు. ఆ వెంటనే దగ్గు.

"ఏం లేదమ్మా. ఏం లేదు."

"సార్, వచ్చింది పారేయకండి," అందామె. "ఉండ చుట్టి పక్కన పెట్టండి. రాగానే చేతి తొడుగులు మొదలెడుతున్నాను."

ఫోన్ పెట్టేసి, టోపీ సర్దుకుని, వెలుతురు ఇంకా ఉందని మళ్ళీ బయటికెళ్ళింది.