సగం పింఛను, ఒక్క వేలు

నేను ఒక వేలిముద్ర యంత్రాన్ని. అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బాని. నెత్తిన చిన్న గాజు పలక, లోపల ఎర్రటి వెలుగు. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, మొదట ఒక రేషన్ షాపులో బియ్యం ఇప్పించే పని చేశాను. ఆ డీలరు మారాక సామర్లకోటలో నాగమణి నడిపే ఇంటర్నెట్ సెంటరుకి చేరాను. ఇక్కడ నా హోదా పెరిగింది. పింఛనుదారులు ప్రతి నవంబరులో నా మీద వేలు పెట్టి తాము బతికే ఉన్నామని రుజువు చేసుకోవాలి. మనిషి ఎదురుగా కూర్చుని దగ్గుతున్నా సరే, నేను ఒప్పుకుంటేనే లెక్క.

కోదండపాణి గారు నీటి సరఫరా శాఖలో ఫిట్టరుగా రిటైరయ్యారు. భార్య సువర్చలమ్మతో విడాకులయ్యాయి. రాజీలో పింఛను సగం ఆమెకివ్వడానికి ఒప్పుకున్నారు. కాపురం ఎప్పుడో విడిపోయినా పింఛను మాత్రం నెలనెలా ఒకటిగా వచ్చి, బ్యాంకులో పడ్డాకే విడిపోయేది.

ఒక ఏడాది ఆమె కాశీ వెళ్లొచ్చిందని ఎవరో చెప్పారు. ఆయనకు ఒళ్లు మండిపోయింది. "నా పింఛనుతో తిరుగుళ్లా? నేనసలు వేలే పెట్టను. డబ్బు ఎలా వస్తాదో చూస్తాను" అని నాగమణికి మెట్ల మీద నుంచే చెప్పి వెళ్లిపోయారు. ఆమె సగం ఆగితే తన సగమూ ఆగుతుందని కోపంలో తట్టలేదో, తట్టినా పంతం ఒప్పుకోలేదో నాకు తెలీదు. మనుషుల కోపం అలాగే ఉంటుంది.

పింఛను ఆగిపోయింది. శివరాత్రి నాటికి సువర్చలమ్మకు అద్దె బాకీ పడింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు ఇంటాయన. ఆవిడ నేరుగా పాణి గారింటికి వెళ్లింది. చూస్తే ఆయనా అప్పు చేసి తింటున్నారు. ఇద్దరూ ఒకే ఆటోలో వచ్చి నా ముందు కూర్చున్నారు.

ఏళ్ల తరబడి పైపులు బిగించిన వేళ్లు అరిగిపోయి, పొడిబారి ఉన్నాయి. ఏ వేలు పెట్టినా నాకు గీత కనపడలేదు. ఎర్ర లైటే. పాణి గారి మొహంలో పంతం పోయి భయం వచ్చింది. నాకూ జాలేసింది. కానీ కనపడని గీత కనపడిందని చెప్పడం నాకు చేతకాదు.

"తల మీద రుద్ది పెట్టండి బాబాయ్ గారూ, నూనె తగిల్తే పడతాది" అంది నాగమణి.

ఆయన బట్టతల ఎండు కొబ్బరిచిప్పలా ఉంది. రుద్దినా లాభం లేకపోయింది. సువర్చలమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుని తల వంచింది.

"నా తలకి రుద్దండి. పొద్దున్నే నూనె రాసుకున్నాను."

ఆయన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కాసేపటికి పాపిట పక్కన మెల్లగా రుద్ది, ఆ వేలు తెచ్చి నా మీద పెట్టారు. గీతలన్నీ విచ్చుకున్నాయి. పచ్చ లైటు వెలిగించాను.

"ఉన్నారండీ బాబాయ్ గారు" అంది నాగమణి.

"ఉండనీ అమ్మా. ఆయన పోతే నా సగమూ పోతాది" అంది సువర్చలమ్మ, కళ్లు తుడుచుకుంటూ. పాణి గారు తల దించుకుని నవ్వారు.

ఇప్పుడు ముఖం చూసి పోల్చుకునే ఫోన్లు వచ్చాయి. పాత వైర్లతో పాటు నన్నూ అట్టపెట్టెలో పడేశారు. నవంబరులో వాళ్లిద్దరూ మెట్లెక్కడం చూడగానే నాగమణి నన్ను బయటకు తీసి, తుడిచి, బల్ల మీద పెడుతుంది.

"ఫోనులో అవ్వట్లేదండీ" అని అబద్ధమాడుతుంది. సువర్చలమ్మ తల వంచుతుంది.