నీళ్ళు తీయని కాయ

నూకరాజు మెట్లెక్కుతున్నాడు. పద్దెనిమిదే ఉండాలి, పద్దెనిమిది ఎప్పుడో దాటిపోయాయి, కొండ మీది ఆ మెరిసే మెట్లు కాసేపటికి తన ఇంటి డాబా మెట్లయిపోతాయి, పక్కన పిట్టగోడ మీద భార్య ఈశ్వరి ఆరేసిన నల్ల పంచె గాలికి కొట్టుకుంటూ ఉంటుంది, మళ్ళీ చూస్తే పిట్టగోడా లేదు పంచే లేదు, అటూ ఇటూ వెదురు కర్రల కంచె, మధ్యలో భక్తుల వరస, వరసలో తను. తలమీద ఇరుముడి మూట. మూటలోంచి ఏదో కారుతోంది, చెవి వెనకనుంచి మెడమీదికి, మెడమీంచి వీపుకి, చల్లగా, ఆగకుండా. తుడుచుకుందామంటే చెయ్యి తీయడానికి లేదు, చెయ్యి తీస్తే మూట పడిపోతుంది.

వెనక్కి తిరిగి చూస్తాడు. వరసలో ఉన్నవాళ్ళందరూ తనే. ఏడుగురు నూకరాజులు, ఏడేళ్ళ దీక్షలు, అందరి మెడల్లోనూ తులసి మాలలు, అందరి నుదుటా విభూతి, చూస్తే ఎంత బుద్ధిమంతులో అనిపిస్తారు. ఎవడూ పక్కవాడి కళ్ళలోకి చూడడు. తేలు కుట్టిన దొంగలు అరవరు కదా, వాళ్ళూ అంతే, శరణు మాత్రం గట్టిగా పలుకుతున్నారు.

మెట్లు అయిపోయిన చోట గుడి లేదు, పైడయ్య గురుస్వామి పిండిమిల్లు ఉంది. తునిలో రైలుగేటు పక్కన ఉండే మిల్లే, అదే బెల్టు చప్పుడు, అదే మిరపకారం ఘాటు. పైడయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మొన్న వేసవిలో, మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ గుండె ఆగి పోయినవాడు, మోసిన నలుగురిలో నూకరాజు ఒకడు. ఇప్పుడు నల్లబట్టల్లో ఎప్పటిలాగే కూర్చున్నాడు, కనుబొమల మీద తెల్లగా పిండి. నూకరాజుకి ఆశ్చర్యం వెయ్యదు. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడుంటాడులే అనిపిస్తుంది.

"ఏటి స్వామీ, ఇంత ఆలీసం?" అంటాడు పైడయ్య.

"లైను కదల్లేదు స్వామీ."

"లైనంతా నువ్వే ఉన్నావు కదేటి, కదలాల్సింది నువ్వే." నవ్వుతాడు. "దించు, మూట దించు. కాయ తియ్యి."

నూకరాజు మూట విప్పుతాడు. బియ్యం, పసుపు, కర్పూరం, అన్నిటి మధ్యా నెయ్యి నింపాల్సిన కొబ్బరికాయ. పైడయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాడు, పిల్లలు గిలక ఊపుకున్నట్టు. మిల్లు చప్పుడంతా ఆగిపోయి, కాయలో నీళ్ళ చప్పుడొక్కటే వినిపిస్తుంది.

"నీళ్ళు తియ్యనేదు," అంటాడు.

ఇది పైడయ్య పట్టుదల. ఇరుముడి కట్టే రోజున హడావుడిగా కాయ కన్ను పొడిచి, ఆ నీళ్ళు అలా ఒంపేసి, ఇలా నెయ్యి పోసేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట. ముందురోజే కన్ను తెరవాలి, స్టీలు గ్లాసు మీద బోర్లించాలి, రాత్రంతా ఆఖరి చుక్క దిగాలి, అప్పుడే నెయ్యి. తొలి ఏడాది నూకరాజు ఆ మాట చెవిన పెట్టలేదు. కొండ మీద కాయ పగలగొడితే నెయ్యి కుళ్ళి కంపు కొట్టింది. అంతమందిలో తలెత్తుకోలేక నిలబడితే, పైడయ్య మారుమాట లేకుండా తన నెయ్యిలో సగం నూకరాజు గిన్నెలో పోశాడు. ఆ సగం నెయ్యి నూకరాజుని ఇన్నేళ్ళూ ఆయన వెనకాల నడిపించింది.

"ఇప్పుడు తీస్తాను స్వామీ," అని కాయ బోర్లిస్తాడు. నీళ్ళు దిగుతాయి. గ్లాసు నిండుతుంది, చెంబు నిండుతుంది, పిండి పట్టే డబ్బా నిండుతుంది, ఎవరో తెచ్చిన బకెట్టు నిండుతుంది, నేలమీది పిండి తడిసి బంకయి కాళ్ళకి అంటుకుంటుంది, అయినా కాయ బరువు తగ్గదు.

"పోనిస్తూ ఉండు," అంటాడు పైడయ్య. "పోయేలోగా మాటాడుకుందాం. కిందటేడు పంపలో తానం సేస్తా, స్వామీ మీతో ఒక మాట సెప్పాలన్నావు. ఏటంటే, కొండ దిగేక సెప్తానన్నావు. దిగేవు. సెప్పనేదు. నాను పోయేను."

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. ఎదురుగా ఉన్నవాడికి ప్రాణం లేదు కాబట్టి కాబోలు, మాట బయటికి వస్తుంది. పందొమ్మిదో ఏట నెట్ సెంటరులో, పరదా వేసిన గదిలో మొదలైందని, అప్పుడు వారానికోసారని, ఫోను చేతికొచ్చాక వారమూ లేదు రోజూ లేదని, బస్సు డిపోలో టైర్లు మార్చే పని మధ్యలో కడుపునొప్పని చెప్పి వెళ్ళేవాడినని, పెళ్ళయితే అదే పోతుందనుకున్నానని, పోలేదని. ఇరవై ఏళ్ళుగా చూసిన బూతుబొమ్మలు, స్వామీ. ఈశ్వరి అన్నం వడ్డిస్తూ ఎదురుగా కూర్చుంటే ఆ బొమ్మలే అడ్డమొస్తాయి. ఆమె మొహం చూడలేక పళ్ళెంలోకి చూస్తాను. పక్కమీద అటు తిరిగి పడుకుంటాను. ఆమె ఏమనుకుంటోందో నేనెప్పుడూ అడగలేదు, స్వామీ, అడిగితే ఎందుకని తిరిగి అడుగుతుంది.

"మరి మాలేసుకున్నప్పుడో?"

"మాలేస్తే ముట్టను. నలభయ్యొక్క రోజులు ఫోను చూడాలని కూడా అనిపించదు. నేల మీద పడుకుంటాను, చన్నీళ్ళు పోసుకుంటాను, నేనూ మనిషినే అనిపిస్తుంది. మాల తీసిన మధ్యాహ్నమే..." నూకరాజు కాయని ఇంకొంచెం వంచుతాడు. "ఏడేళ్ళూ అంతే స్వామీ. ఒక్కసారి కూడా మర్నాడు తెల్లారేదాకా ఆగలేకపోయాను."

బెల్టు మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది, పైడయ్య కనుబొమల మీద పిండి రాలి మళ్ళీ పడుతుంది.

"అంటే ఆ దేవుడిని తాళంకప్పలాగ వాడుకున్నావన్నమాట," అంటాడు చివరికి. "నలభయ్యొక్క రోజులు తాళమేసేవు. లోపల సరుకు సరుకులాగే ఉంది."

"రేపు ఆరుగురు కన్నెస్వాములకి ఇరుముడి నేనే కట్టాలి స్వామీ. మీరు లేరని నన్ను కట్టమన్నారు. ఆరుగురూ నా కాళ్ళకి మొక్కుతారు. నా కాళ్ళకి!" నూకరాజు ఏడుస్తున్నాడు, ఏడుస్తూ కాయ పట్టుకునే ఉన్నాడు. "మీరు తీసెయ్యండి దీన్ని. నావల్ల కాదు. ఒట్లేసుకున్నాను, ఫోను కాలవలో పడేశాను, మూడోరోజున ఇంకోటి కొన్నాను. కుక్కతోక వంకరంటారే, అది నేనే. మీకు పుణ్యముంటుంది, తీసెయ్యండి."

"సచ్చినోడ్ని, నా సేతిలో ఏటుంది? నాకెందుకు సెప్పేవు?"

"మీరైతే ఎవరికీ చెప్పరు కదా."

పైడయ్య పకపకా నవ్వుతాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. ఉంటే బాగుండును అనిపిస్తుంది నూకరాజుకి, ఎగతాళి అయితే ఓర్చుకోగలడు.

"స్వామీ, ఒక్కటి చెప్పండి," అంటాడు. ఎనిమిది నెలలుగా లోపల తొలిచేస్తున్న మాట ఇదే. "కిందటేడు మీరే అన్నారు, 'మీ మాత నన్నొక మాట అడిగింది, నాకు జవాబు దొరకలేదు, ఎండలొచ్చేక తీరిగ్గా మాటాడుకుందాం' అని. ఎండలొచ్చాక మీరు లేరు. ఈశ్వరి ఏమడిగింది? ఆమెకి తెలిసిపోయిందా?"

"నాకేటి తెలుసు?"

"మిమ్మల్నే కదా అడిగింది!"

"అడిగింది బతికున్న పైడయ్యని. నాను నీ కల్లోవోడ్ని. నీకు తెలిసిందే నాకు తెలుసు, నీకు తెలీంది నానెక్కడ తెచ్చేది?" ఆయన మొహం పిండిలో కొంచెం కొంచెంగా కలిసిపోతోంది, ముందు చెవులు, తరవాత గడ్డం. "అడిగింది ఇంట్లోనే ఉంది కదా. దాన్నే అడుగు."

"ఎలా అడగను? అడిగితే నేనూ చెప్పాలి."

స్టూలు మీద పిండి కుప్ప మాత్రం ఉంది. నూకరాజు చేతిలో కాయ కన్నులోంచి నీళ్ళాగి, వెలుగు వస్తోంది. నీలంగా, వణుకుతూ. ఆ వెలుగేమిటో అతనికి తెలుసు. చూడకూడదనుకుంటాడు. గురుస్వామి కూర్చున్న చోటే, మాల మెడలో ఉండగానే, చూడకూడదు అనుకుంటూనే కంటిని కాయ కన్నుకి ఆనిస్తాడు, తనమీద తనకి అసహ్యం ముంచుకొస్తున్నా ఆనిస్తాడు. లోపల అతను భయపడ్డవేవీ లేవు. ఈశ్వరి ఉంది. అటు తిరిగి కూర్చుని జడ అల్లుకుంటోంది. పిలుస్తాడు. మాతా అని పిలుస్తాడు, పలకదు. ఆమె పేరు పెట్టి పిలుద్దామంటే ఆ పేరేమిటో గుర్తు రాదు, పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి పేరు గుర్తు రాదు, కాయని గోడకేసి కొట్టబోతాడు, చల్లటి నీళ్ళు ఒక్కసారిగా ఒళ్ళంతా...

కళ్ళు తెరిచాడు.

మధ్యాహ్నం ఎండ గుమ్మంలో పడి ఉంది. పూజాపీఠం ముందు గోడకి జారబడి, దీక్షలో పగటి నిద్ర తప్పని అందరికీ చెప్పే మనిషి ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు. ఎదురుగా ఆరు స్టీలు గ్లాసుల మీద కన్నెస్వాముల కాయలు ఆరూ బోర్లించి ఉన్నాయి. ఏడోది, తనది, ఒళ్ళో పడి పంచె తడిపేసింది.

"లెండి స్వామీ, తడిసిపోనారు." ఈశ్వరి పొడిగుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఒక అడుగు దూరంలోంచే గుడ్డ అందించింది. దీక్షలో అలాగే అందిస్తుంది. మిగతా రోజుల్లోనూ ఆమెకి అదే అలవాటైపోయిందని నూకరాజుకి ఇవాళే తట్టింది.

గుడ్డ తీసుకున్నాడు. తుడుచుకోలేదు.

"కిందటేడు పైడయ్య గురుస్వామిని ఏమడిగావు?"

ఆమె ఉలిక్కిపడింది. కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "ఇప్పుడెందుకది?"

"చెప్పు."

"ఏడాదంతా మాల తియ్యకుండా ఉంచడానికి వీలవుద్దా అనడిగేను."

"ఎందుకు?"

"ఈ నలభై రోజులే కదా," అంది ఈశ్వరి, నేల చూస్తూ, "మీరు నా మొకం సూసి మాటాడేది."

వీధిలో ఎవరో స్కూటరు తన్నుతున్నారు, అది అందుకోవడం లేదు. ఏడేళ్ళుగా ఆ మాల తన సిగ్గు దాచుకునే చోటు అనుకున్నాడు నూకరాజు. ఆమెకి అదొక్కటే పండగ.

"ఆయనేమన్నారు?"

"ఏటీ అన్నేదు. అలా సూసేరు. కళ్ళు తుడుసుకున్నారు. ఏటయ్యింది స్వామీ అంటే, పిండి పడిందమ్మా అన్నారు." ఈశ్వరి వంగి, ఒలికిన చోట తుడవడానికి చెయ్యి చాచింది. "ఆరోజు మిల్లు లేదు. ఆదోరం."

నూకరాజు కాయ తీసి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. అంత తడిపినా లోపల నీళ్ళున్నాయి. దాన్ని జాగ్రత్తగా ఏడో గ్లాసు మీద బోర్లించాడు. చుక్క పడింది. ఎల్లుండి కాదు, కొండ దిగాక కాదు, ఇప్పుడే చెప్పాలి అనుకున్నాడు. చెబితే ఈ గుడ్డ అందించే చెయ్యి కూడా పోవచ్చు. పోతుందేమో కూడా.

"ఈశ్వరీ," అన్నాడు.

దీక్షలో మాతా అనే పిలవాలి. నలభై రోజులుగా అలాగే పిలిచాడు. ఆమె తుడవడం ఆపి తలెత్తింది.

"తలుపు దగ్గరగా వేసి, ఇలా వచ్చి కూర్చో. నేను చెప్పేది అయ్యేదాకా లేవకు."

ఆమె తలుపు వేసి వచ్చి కూర్చుంది. నూకరాజు ఆమె మొహం చూశాడు, చూపు తిప్పుకోవాలనిపించింది, తిప్పుకోలేదు. గ్లాసులో ఇంకో చుక్క పడింది.

"నాకు పందొమ్మిదేళ్ళప్పుడు," అని మొదలుపెట్టాడు.