ఏ అద్దాలు?

చలికాలం మొదలైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో పొద్దున్నే వినిపించే మాట ఒకటే. "అద్దాలు మసగ్గా ఉన్నాయమ్మాయ్."

అనేది మామగారు. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడాయన బస్సంతా ఒక చిన్న కారు. ప్రయాణికులు ఇద్దరే: ఆస్పత్రిలో నర్సుగా చేసే కోడలు, రెండో తరగతి చదివే మనవరాలు. కొడుకు తెల్లారకముందే ఫ్యాక్టరీకి వెళ్లిపోతాడు కాబట్టి వీళ్లను దింపే పని ఆయనది, అందులో ఇంకొకరు వేలు పెడితే ఆయనకు గిట్టదు. కోడలికీ లైసెన్సుంది. అది ఆమె హ్యాండ్‌బ్యాగు అడుగున హాయిగా నిద్రపోతోంది. ఆయనుండగా స్టీరింగు అడగడమంటే వంటవాడి చేతిలో గరిటె లాక్కోవడమే.

అయితే ఆ కోడలు ఊరికే కూర్చునే రకం కాదు. మామగారు మసక అన్నారంటే ఆ మసక అంతు చూడాల్సిందే. ముందు పాత బనీను గుడ్డతో తుడిచింది, చారలు మిగిలాయి. తర్వాత సబ్బునీళ్లతో కడిగి, ఆరాక న్యూస్‌పేపరుతో చెయ్యి పడిపోయేలా రుద్దింది. అయినా మసకే అన్నారాయన. ఆఖరికి మామగారితో కారు తీయించుకుని వెళ్లి మెకానిక్‌ని అడిగింది.

"మసక పట్టేది బయట కాదు మేడమ్, లోపల," అన్నాడతను. "చలికి అద్దం చల్లబడిపోతుంది. మీ ఊపిరి, తడి చెప్పులు, గొడుగులు, అన్నిటి తేమా పోయి దానికే అంటుకుంటుంది. మీరేమో చలని చెప్పి లోపలి గాలినే తిప్పుతున్నారు. ఈ మీట నొక్కి బయటి గాలి రానివ్వండి. వేడిగాలి అద్దం మీదికి పెట్టి, దాంతోపాటు ఏసీ వెయ్యండి. ఏసీ తేమని లాగేస్తుంది."

"చలికాలంలో ఏసీయా! వణికేవాడి చేతిలో మంచుగడ్డ పెట్టినట్టుంది," అని నవ్వారు మామగారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి, ఆ రోజు మాత్రం మెకానిక్‌తో వాదన పెట్టుకోలేదు.

ఆదివారం ఆమె కారులో కాళ్ల కింద పరిచే పట్టాలు తీసి ఎండలో వేసింది, గొడుగుల్ని డిక్కీలోకి తోసింది. సోమవారం పొద్దున్న తనే ముందుగా కారు స్టార్ట్ చేసి, మెకానిక్ చెప్పినవన్నీ చెప్పినట్టే పెట్టింది. అద్దం మీది తెల్లదనం కిందనుంచి పైకి కరిగిపోయింది. ఎదురింటి గోడ మీద పిల్లి మీసాలు కూడా కనిపించాయి. ఇల్లలకగానే పండగ కాదంటారు గాని, ఆమెకు మాత్రం పండగే అయింది.

కారు మలుపు తిరిగింది. మామగారు గడ్డం స్టీరింగుకు ఆనేంతగా ముందుకు వంగి, "అద్దాలు ఇంకా మసగ్గానే ఉన్నాయమ్మాయ్," అన్నారు.

సరిగ్గా అప్పుడే వెనక సీట్లో మనవరాలు మూతి ముడిచింది. "అమ్మా, అద్దం మీద మంచే లేదు! నేను బొమ్మ దేనిమీద వెయ్యాలి?"

కోడలు గభాలున మామగారి ముఖంకేసి చూసింది. అద్దాలంటే కారువే కావాలా? ముక్కు మీద పెట్టుకున్నవీ అద్దాలే కదా!

"మామయ్యగారూ, ఇక్కడ ఆపండి. నడిచి వెళ్తాం."

"బడి ఇంకా రెండు వీధుల అవతలుంది కదమ్మా."

"దానికి నడక మంచిదే."

ఆయన కారు ఓ పక్కకు తీసి ఆపేశారు.

పిల్లను బడిలో దింపి తిరిగొస్తుంటే ఆమెకు భయం పోయి కోపం తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ వెనక పిల్లను కూర్చోబెట్టుకుని గుడ్డిగా నడిపారా? మామగారైతే మాత్రం, ఇవాళ కడిగెయ్యాల్సిందే. నాలుగు మాటలు నోట్లో సిద్ధం చేసుకుని కారు తలుపు తీసింది. ఆయన కళ్లద్దాలు చేత్తో పట్టుకుని చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"ఏ అద్దాలు మామయ్యగారూ?"

ఆయన తలెత్తలేదు. "నేను అబద్ధం చెప్పలేదమ్మా. మసకని రోజూ చెబుతూనే ఉన్నాను. ఏ అద్దాలో నువ్వడగలేదు."

"అడగాలా? వెనక పిల్ల కూర్చుంటుంది!"

"మొదట్లో నేనూ కారువే అనుకున్నాను. నువ్వు పేపరుతో రుద్దిన రోజు తెలిసింది, అద్దాల్లో ఏం లేదని. అయినా నువ్వు తుడుస్తుంటే, ఏమో, రేపటికి పోతుందేమో అనిపించేది." ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. "డాక్టరు దగ్గరికెళ్తే బండి ఆపెయ్యమంటాడు. బండి ఆపేస్తే ఇంక నాతో ఈ ఇంట్లో పనేముందమ్మా?"

ఆమె కోపం పోలేదు, దాని పక్కనే జాలి కూడా వచ్చి కూర్చుంది. పరవాలేదు అనేద్దామనుకుంది. పరవాలేదు అనడానికి వీల్లేని సంగతి ఇది.

"శుక్లాలై ఉంటాయి. మా ఆస్పత్రిలో రోజూ తీస్తారు. తీశాక డాక్టరు సరేనంటే మళ్లీ మీరే నడపండి. అంతవరకు ఈ బండి మీ చేతికివ్వను. దిగండి."

మామగారితో అలా మాట్లాడటం ఆమెకదే మొదటిసారి.

"క్లచ్చు వదలడం రాదు నీకు," అన్నారాయన నీరసంగా.

"రాదు. పక్కన కూర్చుని తిట్టండి."

ఆయన దిగి, కారు మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి వచ్చారు. ఆ వైపు సీట్లో ఆయన ఏనాడూ కూర్చున్నది లేదు. బెల్టు కోసం చెయ్యి అలవాటైన వైపే వెళ్లి, గేరు రాడ్డుకు తగిలి ఆగింది. మళ్లీ వెతికింది. స్టీరింగు ముందు కూర్చున్న కోడలు అటు వంగి, తలుపు వైపు నుంచి బెల్టు లాగి తనే పెట్టింది. ఆయన వద్దనలేదు.