పోలి అత్తగారు

కార్తీక మాసం వచ్చిందంటే మా ధవళేశ్వరంలో చేపలు కొనేవాళ్ళు సగానికి సగం తగ్గిపోతారు. చేపలు పట్టి బతికే మేము కూడా ఆ నెల నోట పెట్టం. అమావాస్య దాటి పోలి పాడ్యమి వచ్చిందా, నెల్లాళ్ళు నోరు కట్టుకున్న ఊరంతా ఒక్కసారి చేపల మీద పడుతుంది. సరిగ్గా ఆ తెల్లవారుజామునే ఆడవాళ్ళం అరటి దొప్పల్లో దీపాలు పెట్టి గోదారిలో వదలాలి. ఈ రెండూ ఒకే పొద్దున పెట్టినవాడెవడో గాని, వాడింట్లో చేపలమ్మే కోడలు లేదు.

మా ఇంట్లో ఉంది. పేరు లక్ష్మీదుర్గ. నేను తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగితే, తను ఫోన్లో ఆర్డర్లు తీసుకుని రాజమండ్రి అపార్ట్‌మెంట్లకి ఆటోలో పంపుతుంది. ఈ కార్తీకమంతా చన్నీళ్ళ స్నానం చేసి తులసి దగ్గర దీపం పెట్టింది, ఒక్కరోజు తప్పలేదు. చివరి దీపం గోదారిలో వదిలితేనే ఆ నెల పూర్తయినట్టు.

నిన్న సాయంత్రం నేను దొప్పలు కోస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, రేపు మీరొక్క పావుగంట పడవల రేవులో చేపల వేలం పాట దగ్గర నిలబడితే, నేను దీపం వదిలేసి వచ్చేస్తానండి."

"బాగానే ఉంది సంబడం! తలస్నానం చేసి, దీపం పట్టుకున్న చేత్తో రొయ్యలు తూకం వెయ్యమంటావా?"

"మీ దీపం అయ్యాకే రండి."

"అయ్యాక కథ ఎవరు చెప్తారు? మీ అమ్మా?" అన్నాను. ఏటా స్నానాల రేవులో పోలి కథ చెప్పేది నేనే మరి.

కోసిన దొప్పలన్నీ సర్దిపెట్టి లేచిపోయింది. అలా తగువాడకుండా లేచిపోయినందుకే నాకు మరీ ఒళ్ళు మండింది.

ఈ పొద్దున కోడలు పడవల రేవుకి పోయింది. ఇక్కడ దీపాలు వదిలాక ఆడవాళ్ళంతా నా చుట్టూ చేరారు. కథ అందుకున్నాను. అత్తగారు పెద్ద కోడళ్ళని వెంటబెట్టుకుని నదికి పోయింది. చిన్న కోడలు పోలిని ఇంట్లోనే వదిలేసింది. పోలి కవ్వానికంటిన వెన్నతో దీపం వెలిగించి, ఎవరి కంటా పడకుండా బుట్ట బోర్లించింది. స్వర్గం నుంచి విమానం దానికోసమే దిగింది. ఎగిరిపోతున్న పోలి కాలు పట్టుకుని అత్తగారు వేలాడితే దేవదూతలు కిందికి తోసేశారు. ఆ ముక్క దగ్గర నేను చేతులు తిప్పి మరీ నవ్విస్తాను.

"అవునొదినా," అంది పక్కింటి పాపాయమ్మ, "ఆ అత్త పోలినెందుకు తీసుకెళ్ళలేదంటావ్?"

ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కరూ ఈ ప్రశ్న వెయ్యలేదు. నాకూ తోచలేదు.

"ఇంట్లో పనుంది కదే. ఎవరో ఒకరు చెయ్యాలి గదా," అన్నాను.

అన్నాక నా మాట నాకే వినబడింది. ఓసి నా మొహం మండ! ఓ దొప్ప, వత్తులు, అగ్గిపెట్టె పట్టుకుని లేచాను.

దారి పొడుగునా ఒకటే ఆరా నాకు. పోలిలా నా కోడలూ ఎక్కడో గుట్టుగా దీపం పెట్టే ఉంటుంది, ఎక్కడ పెట్టిందో చూడాలి. పడవల రేవుకి చేరీ చేరగానే బోర్లించిన తట్టలన్నీ ఎత్తి చూశాను. ఒకదాని కింద పీత కనబడింది, అంతే.

"ఏం వెతుకుతున్నారత్తయ్యా?" శీలావతి చేప మొప్పలు ఎత్తి చూస్తూ అడిగింది లక్ష్మీదుర్గ.

"నీ దీపం ఎక్కడ పెట్టావే?"

"ఎక్కడ కుదిరిందండీ?" నవ్వబోయింది గాని కళ్ళు నిండిపోయాయి. "నెలంతా చేసి, ఈ ఒక్కటీ..."

నా ప్రాణం ఉసూరుమంది. తూర్పున ఇంకా వెలుగు రాలేదు. దొప్ప దాని చేతిలో పెట్టి, ఫోను లాక్కున్నాను.

"పో, తెల్లారకముందే వదిలేసి రా. రొయ్యలు ఎంతవరకు పాడాలో చెప్పి పో."

"మరి మీ స్నానం?"

"గోదారి ఎక్కడికీ పోదులే. మళ్ళీ మునుగుతాను."

రొయ్యల పాట నేనే గెలిచాను. తూకం వేయించి, దాని దీపం ఎంత దూరం పోయిందో చూద్దామని మెట్లు దిగబోతే నాచు మీద కాలు జారింది. దీపం వదిలి మెట్లెక్కి వస్తున్న లక్ష్మీదుర్గ గభాలున నా చెయ్యి పట్టుకుంది.

కథలో అత్తగారు కాలు పట్టుకున్నా కిందే పడింది. నా కోడలు మాత్రం రొయ్యల వాసన కొడుతున్న నా చేతిని, పైమెట్టుకి చేరేదాకా వదల్లేదు.