తుల్లియో జానెట్ పెట్టెకు జింకు రేకు

తుల్లియో జానెట్ బతికుండగానే తన చావుకు కావలసినవన్నీ అమర్చుకున్నాడు. యాభై ఏళ్ళు చెరుకు పండించిన మనిషి. ఒకరి ముందు చెయ్యి చాపడం ఆయనకు గిట్టదు. ఇంగం ఊరి శ్మశానంలో, ఇటలీ నుంచి వలస వచ్చిన మిగతా కుటుంబాల్లాగే నేలకు పైన, పలకలు పరిచిన గది కట్టించుకున్నాడు. అందులో పెట్టే శవపేటికకు లోపల జింకు రేకు తాపడం చేయాలని, మూత గాలి చొరకుండా అతకాలని శవపేటికల దుకాణం నడిపే ముసలి హాగన్ చేత కాగితం రాయించుకుని డబ్బంతా ముందే కట్టేశాడు. ఆ తర్వాత హాగన్ దుకాణం అమ్మేసి వెళ్ళిపోయాడు. కొన్నవాడు ప్రౌస్.

చెరుకు కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో తుల్లియో పోయాడు. అంత్యక్రియలకు ముందురోజు మధ్యాహ్నం కూతురు నీవెస్, కొడుకు ఎట్సియో తండ్రిని చూడ్డానికి ప్రౌస్ దగ్గరికి వెళ్ళారు. ఎట్సియో పేటిక లోపలి గుడ్డ ఎత్తి వేళ్ళతో తట్టాడు. రంపపు పొట్టు అతికించి చేసిన చవక పలక డొల్లగా మోగింది.

"రేకేదయ్యా?"

"ఆ కాగితం హాగన్‌ది. మీ డబ్బూ ఆయనతోనే పోయింది" అన్నాడు ప్రౌస్. "రేకు కావాలంటే మళ్ళీ కట్టండి."

"దీన్ని గదిలో పెడితే వారం తిరక్కుండా కారుతుంది. మా నాన్న ఊరందరి ముందూ కంపు కొట్టాలా?"

"అంత బాధైతే మట్టిలో పూడ్చుకోండి. పురుగులకి ఏ పెట్టైతేనేం?"

కాగితం నీవెస్ సంచిలోనే ఉంది. దాని అడుగున ఏదో ట్రస్టు పేరు, ఫోన్ నంబరు ఉండటం ఆమె పొద్దున్నే చూసింది. ముందు వాళ్ళకు ఫోన్ చేద్దాం అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పురుగుల మాట విన్నాక దాన్ని మింగేసింది. వెళ్ళి తలుపు గడియ పెట్టింది. వీడు కాస్త భయపడాలి అనుకుంది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

"ఎట్సియో, పురుగుల సంగతేంటో అడగరా వీణ్ణి" అంది.

ఎట్సియో అడగలేదు. మొదటి గుద్దుకే ప్రౌస్ ముక్కు చితికింది. రెండోదానికి వెనక్కి పోయి పూలకుండీల మీద పడ్డాడు. లేచేలోగా ఎట్సియో జుట్టు పట్టుకుని తలను గోడకేసి బాదాడు. మళ్ళీ బాదాడు. తెల్లటి గోడ మీద నెత్తురు చారలు పడ్డాయి.

ప్రౌస్ చేతికి మూతలు బిగించే స్క్రూడ్రైవర్ దొరికింది. దాన్ని ఎట్సియో భుజంలో పిడిదాకా దించాడు.

"నీక్కూడా ఇదే పెట్టెరా!" అని అరిచాడు, నోట్లోంచి నెత్తురు తుంపరలు చిమ్ముతుంటే.

ఇద్దరూ కలబడి శవపేటిక ఉన్న తోపుడుబల్లకు తగిలారు. అది జారింది. పేటిక ఒరిగింది. నీవెస్ పరుగెత్తుకెళ్ళి దాన్ని రొమ్ముతో ఆపి, రెండు చేతులా తండ్రిని పొదివి పట్టుకుంది. ఆయన చల్లటి చెంప ఆమె మెడకు ఆనింది. వదిలితే నాన్న నేలమీద పడతాడు. వదలకపోతే తమ్ముణ్ణి ఆపడం కుదరదు.

"చాలురా! చచ్చిపోతాడురా, ఆపరా!"

ఎట్సియోకు వినబడలేదు. స్క్రూడ్రైవర్ భుజంలోనే ఉంది. రెండో చేత్తో ఇత్తడి కొవ్వొత్తి స్తంభం ఎత్తి ప్రౌస్ ముఖమ్మీద వేశాడు. కొవ్వొత్తి గుచ్చే మొన కంట్లో దిగింది. ప్రౌస్ పెట్టిన కేకకు ఎదురు దుకాణం వాళ్ళు వచ్చి తలుపు పగలగొట్టారు. అప్పటికీ నీవెస్ తండ్రిని వదల్లేదు.

నాలుగో రోజున వినియోగదారుల రక్షణ ఆఫీసునుంచి మెరిన్ అనే ఆవిడ వచ్చింది. కాగితం రెండుసార్లు చదివింది.

"మీ నాన్నగారు కట్టింది ఎక్కడికీ పోలేదమ్మా. ఇలాంటి డబ్బు అంత్యక్రియలు అయ్యేదాకా ట్రస్టులోనే ఉంచాలి. దుకాణం కొన్నవాడు ఈ ఒప్పందం కూడా నెత్తినేసుకున్నట్టే. పైగా రేకు పెట్టె ఇచ్చేశానని రాసి, ఆ డబ్బు ఇమ్మని గొడవకి ముందే ప్రౌస్ ట్రస్టుకి కాగితం పంపాడు."

"నేను ఫోన్ చేసుంటే?"

మెరిన్ కాగితం మడిచి ఆమె చేతికిచ్చింది. "ఆ పూటే తేలిపోయేది" అంది.

తుల్లియోను టౌన్స్‌విల్ పట్టణం నుంచి వచ్చిన వేరే దుకాణం వాళ్ళు జింకు తాపడం పేటికలో, ఆయన రాయించుకున్నట్టే, ఆయన గదిలోకి చేర్చారు. ఎట్సియో రాలేదు, పోలీసులు రానివ్వలేదు. ప్రౌస్‌కు ఒక కన్ను పోయింది, మోసం రుజువై దుకాణమూ పోయింది. ఎట్సియోకు నాలుగేళ్ళు పడింది. గడియ పెట్టింది తానేనని నీవెస్ కోర్టులో లేచి చెప్పింది. ఆమెకూ శిక్ష వేశారు కానీ జైలుకు పంపలేదు.

మొదటిసారి జైలుకు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఫోన్ నంబరు సంగతి తమ్ముడికి చెప్పేసింది. ఎట్సియో ఎడమ చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు.

"నువ్వు చెప్పినా నేను వినేవాణ్ణి కాదులే అక్కా" అన్నాడు.

"వినేవాడివి" అంది నీవెస్. "నా మాట ఎప్పుడూ వినేవాడివి."

వాడు తల వంచుకున్నాడు. వేళ అయిపోయిందని కాపలావాడు పిలిచాడు.