చివరి అర నిమిషం

"కప్పులు టకటకలాడించకు. ఆరున్నరకి మొదలుపెడతాం. ఆ తర్వాత వంటింట్లోంచి చిన్న చప్పుడు కూడా రాకూడదు" అన్నారు మా ఆయన హాల్లో కుర్చీలు సర్దుతూ. సర్దుతూ అంటే, ఏ కుర్చీ ఎక్కడ వేయాలో వేలు పెట్టి చూపిస్తూ. వేసింది నేను.

ప్రతి శనివారం సాయంత్రం మా ఇంట్లో పాత రేడియో నాటకాలు వింటారు. మా ఆయన కాక ముగ్గురు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన ఒకాయన, లెక్చరరుగా రిటైరైన ఇంకొకాయన, ఇంకా ప్రాక్టీసు వదలని పళ్ళ డాక్టరు. ఎవరో అభిమాని ఒకప్పుడు రేడియో ముందు టేప్ రికార్డరు పెట్టుకుని పట్టుకున్న క్యాసెట్లట. ఆ అభిమాని పోయాక పిల్లలు అటక ఖాళీ చేస్తుంటే డాక్టరుగారు అట్టపెట్టెతో సహా తెచ్చి మా ఆయనకిచ్చారు. మొత్తం పన్నెండు. వారానికొకటి చొప్పున అందరికీ వినిపిస్తూ, అదే సమయానికి కంప్యూటర్లోకి ఎక్కించుకుంటారు మా ఆయన. ఎక్కించాక ఆ క్యాసెట్టుతో పనిలేదు. విరగ్గొట్టి, లోపలి రీలు బయటికి లాగి, బాల్కనీలో టమాటా కుండీల మీద తోరణంలా కడతారు, పిట్టలు రాకుండా. ఇప్పటికి పదకొండు నాటకాలు అక్కడ ఎండకి ఎండుతూ తళతళలాడుతున్నాయి. పిట్టలు మాత్రం మానలేదు.

నాటకంలో ఆఖరి మాట అవడం ఆలస్యం, ఆయన బొటనవేలు టేపు ఆపే బటన్ మీద పడుతుంది. రాసిందెవరు, నటించిందెవరు అని చదివే ఆ చివరి అర నిమిషం ఆయన దృష్టిలో చెత్త. "అన్నం తిన్నాక ఎవరు వండారో విస్తరిని అడుగుతామా?" అంటారు. ఈ మాట నా ముందే అంటారు, నేను వండింది తింటూ.

ఈ రోజు పన్నెండోది. దాని చివరి అర నిమిషంలో నా పేరుంది.

పెళ్ళికి ముందు నేను రేడియోలో మూడేళ్ళు పనిచేశాను. పాట కాదు, వార్తలు కాదు, నాటకాల్లో చప్పుళ్ళు. పళ్ళెంలో ఎండు బఠాణీలు పోసి మెల్లగా వంచితే వాన. గట్టిగా కుదిపితే వడగళ్ళు. బిస్కెట్ పొట్లం కాగితం నలిపితే మంట. నా చేతులకి మగవాళ్ళ బూట్లు తొడుక్కుని ఇసుక తొట్టిలో నడిపిస్తే ఓ జమీందారు కోపంగా వెళ్ళిపోయేవాడు. నటులు మైకు ముందు కాగితం చూసి చదివేవాళ్ళు, నేను మాత్రం నేల మీద మోకాళ్ళూని, చుట్టూ డబ్బాలూ గిన్నెలూ పెట్టుకుని, చెమటలు కక్కుతూ ఊరంతటినీ నడిపించేదాన్ని. దూరంగా తలుపు కొట్టినట్టు ఉండాలంటే ఏ చెక్క మీద కొట్టాలి, కర్రకి గుడ్డ ఎన్ని చుట్లు చుట్టాలి, అదంతా నా చేతికి తెలుసు. జీతం దినకూలీ లెక్కన. పేరు చదవరు. చప్పుళ్ళు చేసేవాళ్ళ పేర్లు చదివే ఆనవాయితీ లేదని డైరెక్టరుగారే ఓసారి చెప్పారు, నేను కలిపిచ్చిన టీ తాగుతూ. అక్కడ కూడా టీ నేనే కలిపేదాన్ని లెండి.

పెళ్ళి మాటలప్పుడు మా అత్తగారు అడిగారు, "రేడియోలో ఏం చేస్తావమ్మా, పాడతావా?" అని. "చప్పుళ్ళండీ" అన్నాను. "చప్పుళ్ళా! వాటిక్కూడా డబ్బులిస్తారా? అయితే మా అంట్లమనిషికి ఎంత బాకీ పడ్డామో!" అన్నారావిడ. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది, ఎందుకు నవ్వానా అని.

నాటకాల చివర పేర్లు చదివే అనౌన్సరుని అక్కా అని పిలిచేదాన్ని, పెళ్ళికని పని మానేస్తున్నానని తనకి తెలుసు. నా ఆఖరి నాటకం 'పడవవాడు', లైవ్‌గా వెళ్ళింది. అది అయిపోయాక పేర్లు చదువుతూ చదువుతూ, కాగితంలో లేని పేరొకటి చదివింది. ధ్వని సహకారం అని, పుట్టింటి ఇంటిపేరుతో సహా నా పేరు. స్టూడియో అద్దానికి అవతల డైరెక్టరు లేచి నిలబడ్డాడు. మర్నాడు అక్కకి మెమో ఇచ్చారు. "ఇవ్వనీవే. గాల్లోకి వెళ్ళిపోయింది, మెమో పెట్టి వెనక్కి పిలుస్తారా?" అంది. పదకొండు రోజుల తర్వాత నాకు పెళ్ళయింది.

ఇరవై ఆరేళ్ళు. మా ఆయనకి నేను ఏమోయ్‌ని. కూతురికి అమ్మని. అత్తగారు పోయేదాకా కోడల్ని, మా బావగారికి మావాడి భార్యని, శనివారం వచ్చేవాళ్ళకి టీలిచ్చే వదినగారిని. పోయిన నెల కళ్ళ ఆసుపత్రికి వెళ్తే నర్సు నా పేరు మూడుసార్లు పిలిచిందట. నేను వింటూనే కూర్చున్నాను, ఎవరో గానీ లేవరేం అనుకుంటూ. "మీ పేరు మీకే తెలీదా అమ్మా?" అంది నర్సు విసుక్కుంటూ. మా ఆయన ఈ సంగతి శనివారం వాళ్ళకి చెప్పి కడుపుబ్బ నవ్వించారు. నాకు మాత్రం భయం వేసింది. కాళ్ళలోంచి పైకి పాకే భయం. ఆ రాత్రి నుంచి స్నానాల గదిలో నీళ్ళు వదిలి, ఆ చప్పుడు మాటున నా పేరు నేనే పైకి అనుకుంటున్నాను. ఎవరిదో పేరు అరువు తెచ్చుకున్నట్టుగా ఉంటోంది.

మంగళవారం అట్టపెట్టె దులుపుతుంటే ఆ క్యాసెట్టు కనిపించింది. చీటీ మీద 'పడవవాడు' అని రాసి ఉంది. చేతిలో దుమ్ముగుడ్డతో అలాగే నేలమీద కూలబడ్డాను. ఆయన భోజనానికి కూర్చున్నాక చెప్పాను, ఇందులో వాన నాది, తెడ్డు నాది, చివర్లో నా పేరుంది, ఈ ఒక్కదానికీ ఆఖరిదాకా ఉంచండి అని.

"వాన నీదేంటోయ్, వాన దేవుడిది" అన్నారు ఆయన. తర్వాత నా మొహం చూసి, "అన్నిటికీ కత్తిరించి దీనికొక్కదానికే ఉంచితే వరస చెడుతుంది. అయినా నీ పేరు నాకు తెలుసుగా, చాలదూ?" అన్నారు.

ఆ పేరుతో నన్ను పిలిచి ఎన్నేళ్ళయిందని అడగబోయాను. ఆయన మజ్జిగ అడిగారు. మజ్జిగ తేవడానికి లేచాను.

క్యాసెట్టు దాచేసుకోవచ్చుగా అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, బుధవారమంతా అదే ఆలోచన. బియ్యం డబ్బాలో పెడితే ఎవరూ చూడరు. కానీ దాచుకుని ఏం చేయను? మళ్ళీ నేనొక్కదాన్నే వినాలి. ఇరవై ఆరేళ్ళుగా నేనొక్కదాన్నే వింటున్నాను. నాకు కావాల్సింది ఇంకొకరు వినడం. ఒక్కసారి, నేను బతికుండగా, నా ఇంట్లో, నా ఎదురుగా.

ఆరున్నరకి దీపం తగ్గించారు. ముగ్గురూ కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మంలో, పిండి చేతులతో. మొదట గరగరమని టేపు, తర్వాత అక్క గొంతు, తర్వాత వాన.

నా వాన. ఎంత బాగుందో చెప్పలేను. మొదట నాలుగు చినుకులు, అటూ ఇటూ, ఇంకా మనసు కుదరనట్టు. తర్వాత సన్నగా, తర్వాత రేవంతా తడిసిపోయేలా. ఆ పళ్ళెం బరువు నా మణికట్లలోకి వచ్చేసింది. తెలియకుండానే చేతులు వంచుతున్నాను, పిండి రాలుతోంది. పడవవాడు ఆఖరి మనిషి కోసం వానలో ఎదురుచూస్తున్నాడు, వస్తానన్న మనిషి రావడం లేదు. తెడ్డు నీళ్ళని కోస్తోంది. అది బకెట్లో చెక్క గరిటె, ఒక్కో వేటుకీ ఊపిరి బిగబట్టేదాన్ని, ఊపిరి కూడా మైకులో పడుతుందని. నాటకంలో ఎక్కడా నేను లేను, నాటకమంతా నేనే ఉన్నాను. ఇంత సంతోషం నాకుండేదా, దీన్ని ఎక్కడ పారేసుకున్నాను అని ఏడుపొచ్చింది.

"వాన చూశారూ," అన్నారు లెక్చరరుగారు గుసగుసగా. "నిజం వానే పట్టుకొచ్చి ఉంటారు. ఇది చేత్తో చేసేది కాదు."

"అంతే మరి," అన్నారు మా ఆయన. "అప్పట్లో మైకు పట్టుకుని వానలో నిలబడేవాళ్ళు మహానుభావులు."

తెలిసీ అన్నారు. మంగళవారం చెప్పినది శనివారానికి మరిచిపోలేదు ఆయన. నా వైపు ఓసారి చూసి మరీ అన్నారు. ఆ చూపులో కోపం కూడా లేదు, గొడవెందుకులే అన్న ధీమా. నాలో ఏదో తెగింది.

పడవ దూరమవుతోంది. తెడ్డు చప్పుడు సన్నబడుతోంది. ఇంకో నిమిషం. ఆయన బొటనవేలు అప్పుడే బటన్ మీదికి వచ్చేసింది. ఆయన్ని ఆ కుర్చీలోంచి లేపాలి. కాలింగ్ బెల్ మోగినా, ఫోను మోగినా ఆయన లేవరు, ఏమోయ్ చూడు అంటారు. ఈ లోకంలో ఆయన్ని స్వయంగా లేపి తలుపు దాకా నడిపించగలిగేది ఒక్కటే, మా బావగారి చేతికర్ర. ఆయన బెల్ కొట్టరు. కర్ర పిడితో రెండు బరువుగా, కాస్త ఆగి ఒకటి తేలిగ్గా కొడతారు. తమ్ముడే వచ్చి తలుపు తీయాలి, ఆలస్యమైతే ఆ పూటంతా చీవాట్లే.

పిండి వత్తే కర్రకి మసిగుడ్డ రెండు చుట్లు చుట్టాను. గిన్నెల అలమర తలుపు సగం తెరిచాను. వీధి తలుపూ ఇదీ ఒకే చెక్కతో చేసినవి. ఇరవై ఆరేళ్ళయింది, వస్తుందో రాదో. ఊపిరి బిగబట్టాను.

రెండు బరువుగా. ఆగి, ఒకటి తేలిగ్గా.

"అన్నయ్య!" అంటూ మా ఆయన ఉలిక్కిపడి లేచి, పంచె సర్దుకుంటూ వరండాలోకి పరిగెత్తారు.

పడవవాడి ఆఖరి మాట అయింది. బటన్ మీద ఎవరి వేలూ లేదు. టేపు తిరుగుతూనే ఉంది. ఇంతవరకూ విన్న నాటకం, అంది అక్క. రచన, నిర్వహణ, పాత్రధారులు. నేను మళ్ళీ గుమ్మంలోకి వచ్చాను.

ఇంటాయన లేకపోయేసరికి క్లాసులో మేష్టరు బయటికెళ్ళినట్టయింది వాళ్ళకి. డాక్టరుగారు ఒళ్ళు విరుచుకున్నారు. లెక్చరరుగారు కుర్చీ బరబరా వెనక్కి జరిపారు. ధ్వని సహకారం, అంది అక్క. సరిగ్గా అప్పుడే మేనేజరుగారు తొడ చరుచుకుని, "ఎవరేమన్నా అనండి, ఆ వాన మాత్రం నిజం వానేనండీ! పందెం!" అన్నారు పెద్ద గొంతుతో. అందరూ అవునవునన్నారు. ఆ అవునుల కింద నా పేరు వచ్చింది, వెళ్ళిపోయింది. ఎవరూ వినలేదు. గుమ్మంలో నిలబడ్డ నాక్కూడా సగమే వినబడింది.

నా వానని మెచ్చుకుంటూ నా పేరుని ముంచేశారు. గోడకి ఆనుకున్నాను. ఇంతేనేమో అనిపించింది. వెళ్ళి టీలు పోయాలి, కప్పులు చప్పుడు కాకుండా.

"ఎవరూ లేరే! కర్ర చప్పుడు విన్నానే!" అంటున్నారు వరండాలోంచి మా ఆయన.

నేను హాల్లోకి నడిచాను. దీపం పెంచాను. ఆయన కుర్చీలో కూర్చున్నాను. టేపు వెనక్కి తిప్పే బటన్ నొక్కాను, పిండి అంటుకుంది దానికి. ముగ్గురూ నా వైపు చూశారు, గోడ గడియారం మాట్లాడినంత ఆశ్చర్యంగా.

"ఏమోయ్! దాన్ని ముట్టుకోకు, నీ చేతులు చూసుకో!" అన్నారు ఆయన గుమ్మంలో ఆగిపోయి.

"మీ అన్నయ్యగారు రాలేదండీ. ఆ చప్పుడు నేనే చేశాను. ఆ వాన కూడా నేనే చేశాను" అన్నాను. "చివర్లో నా పేరు చదువుతారు. ఇంకోసారి వేస్తున్నాను. కూర్చోండి, ఎవరూ శబ్దం చేయకండి."