ఆదివారపు ఈలలు

ఆ పరిశోధన కేంద్రంలో అందరూ ఆయన్ని చెవులాయన అనేవాళ్లు. అందరూ అంటే ముగ్గురే, వాళ్లూ ఆదివారం వచ్చేవాళ్లు కారు.

ఆయన పని వినడం. గాలి దాదాపు లేనంత ఎత్తులో అయనావరణం అనే పొర ఉంది. అందులో తిరిగే తరంగాలను మైదానంలోని యాంటెనా పట్టి శబ్దంగా మారిస్తే, పిట్టలు ఈల వేసినట్టు వినిపిస్తాయి. చెవులాయన రోజూ ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఈలకో గీత చొప్పున కాగితం మీద గీసేవాడు. యంత్రం రికార్డు చేస్తుంది గానీ, రొదలోంచి ఈలను ఏరడం దాని తరం కాదని ఆయన నమ్మకం. కాస్త పొగరు కూడా.

ఆరేళ్ల గీతలు కూడితే ఒకటి తేలింది: ఆదివారం ఈలలు తక్కువ. ఫ్యాక్టరీలు మూతపడి తీగల్లో కరెంటు తగ్గితే, పైన తరంగాలూ సద్దుమణుగుతున్నాయన్నమాట! కింద మనం స్విచ్ వేస్తే పైన ఆకాశం పలుకుతోంది. పలకరించే దిక్కులేని మనిషికి అంతకన్నా ఏం కావాలి? ఉబ్బితబ్బిబ్బై వ్యాసం రాసి పైఅధికారి మేడంకు పంపాడు. అచ్చయితే ఆయన పేరు నిలుస్తుంది.

వారం తిరక్కుండానే మేడం ఫోన్ చేసింది.

"మీ ఆదివారాల రికార్డులు ఇద్దరికి మళ్లీ వినిపించానండీ. ఈలలు మిగతా రోజుల్లాగే ఉన్నాయి. మీ కాగితంలో సగమే ఉన్నాయి. యంత్రం తేదీలు తప్పుగా వేస్తోందా?"

ఔనంటే చాలు, వ్యాసం బతికిపోతుంది. యంత్రం ఎలాగూ ఎదురు చెప్పదు. చెవులాయనకు మాత్రం తప్పెక్కడుందో అప్పుడే తెలిసిపోయింది.

"తేదీలు సరైనవేనండీ. ఆదివారం నేను ఒక చెవితోనే వింటాను."

"అదేం పద్ధతండీ?"

"రెండు చెవులూ మూసుకుంటే ఫోన్ వినపడదని."

సెల్‌ఫోన్లు యాంటెనాకు పడవు, గేటు దగ్గరే వదిలెయ్యాలి. ఉన్నది వరండాలో పాత ల్యాండ్‌లైన్ ఒకటే. ఆరేళ్ల కిందట మాటామాటా పెరిగి, చెల్లెలు "ఆదివారం చేస్తాలే అన్నయ్యా" అని ఆ ఫోన్‌లోనే చెప్పి పెట్టేసింది. ఏ ఆదివారమో చెప్పలేదు.

ఇదంతా చెవులాయన చెప్పాక మేడం, "చేసిందా?" అంది.

"లేదండీ. వ్యాసం వెనక్కి తీసుకుంటాను."

ఆ ఆదివారం ఆయన రెండు చెవులకూ హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. ఈలలే ఈలలు. పావుగంటకే కాగితం నిండిపోయింది. ఇన్నేళ్లూ వీటిని లేవన్నానే అని ఆయనకు ఏడుపొచ్చింది, ఏడుస్తూనే గీతలు గీశాడు.

ఎనిమిదింటికి వరండాలోకి వెళ్లి నిలబడ్డాడు. ఎవరు చేశారో చూపించే రకం ఫోన్ కాదది. ఈ రెండు గంటల్లో మోగిందో లేదో ఇక ఎప్పటికీ తెలీదు.

మోగే ఉంటుందిలే అనుకున్నాడు.